తోట తాకట్టు పెట్టేముందు ఆ 800 గంటలు లెక్కపెట్టుకోండి

సంక్రాంతికి మలికిపురం దగ్గర మా ఊరు వచ్చాను. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి ఇంటికి చేరేసరికి మా అరుగు మీద తండ్రీకూతుళ్లు కూర్చుని ఉన్నారు. ఆయన నాకు వరసకు బాబాయి అవుతారు. పాప ఇంటర్ బైపీసీ పాసై ఏడాదైంది. మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీ నుంచి బ్యాచిలర్ ఆఫ్ నర్సింగ్‌కి ఆఫర్ లెటర్ వచ్చింది. "ఎకరం కొబ్బరితోట బ్యాంకులో పెడదామనుకుంటున్నానమ్మా. నువ్వు ఊఁ అంటే పెట్టేస్తాను" అన్నారు బాబాయి.

నేను వెంటనే ఊఁ అనలేదు. నేనూ ఆ చదువు అక్కడే చదివాను, ఇప్పుడు అక్కడే రిజిస్టర్డ్ నర్సుగా పనిచేస్తున్నాను. మంచి వృత్తి అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్తాను. కానీ మనవాళ్లు లెక్క వేసేది ఫీజూ, విమానం టికెట్టూ, అక్కడ దిగాక దొరికే పార్ట్ టైమ్ జాబూ. నడుం విరిచేది వేరే ఉంది. ఆ రాత్రి వాళ్లకు చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ కలిపి రాస్తున్నాను. పాలకొల్లు, నరసాపురం, అమలాపురం, రాజోలు, ఎటు నుంచి వచ్చే పిల్లలైనా నన్ను అడిగేవి దాదాపు ఇవే.

"ప్లేస్‌మెంట్‌లో స్టైపెండ్ ఇస్తారంట కదా అక్కా?" ఇది పాప అడిగిన మొదటి ప్రశ్న. టౌన్లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అలా చెప్పారట. ఇవ్వరమ్మా. ఆస్ట్రేలియాలో నర్సింగ్ డిగ్రీ మూడేళ్లు. అందులో కనీసం 800 గంటలు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, మానసిక వైద్య విభాగాల్లో పని నేర్చుకోవాలి. దాన్నే ప్లేస్‌మెంట్ అంటారు. దానికి జీతం లేదు. 2025 జూలై నుంచి అక్కడి ప్రభుత్వం ప్లేస్‌మెంట్ చేసే స్థానిక విద్యార్థుల్లో అర్హులైనవాళ్లకు వారానికి ఇంత అని ఇస్తోంది. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకు అది వర్తించదు.

800 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 100 రోజులు, వారానికి ఐదు రోజులైతే 20 వారాలు. ఆ 20 వారాలూ ఒకేసారి రావు. ఒక సెమిస్టర్‌లో రెండు వారాలు, ఇంకో దాంట్లో నాలుగు, చివరి ఏడాది ఎక్కువ. ఏ ఆసుపత్రి, ఏ షిఫ్టు అన్నది యూనివర్సిటీ వాళ్లు చెప్పేదాకా మనకు తెలియదు. ఇంటికి గంటన్నర దూరంలో పడవచ్చు. మధ్యాహ్నం షిఫ్టు రాత్రి తొమ్మిదిన్నరకు అయిపోతుంది, మర్నాడు పొద్దున ఏడింటికి మళ్లీ వార్డులో ఉండాలి.

వీసా నిబంధన ప్రకారం క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు బయట పని చేసుకోవచ్చు. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ ఆ 48లోకి రాదు. కాబట్టి రెండూ చేసేయొచ్చు అని కాగితం మీద అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. రెండో ఏడాది నాలుగు వారాల ప్లేస్‌మెంట్ పడింది. పగలంతా వార్డు, శని ఆదివారాలు ఒక రెస్టారెంట్లో గిన్నెలు. మూడో వారానికి రైల్లో నిద్రపోయి నా స్టేషన్ దాటిపోవడం అలవాటైపోయింది. షిఫ్టులు తగ్గించమని అడిగితే ఆ రెస్టారెంట్ మేనేజరు ఇక రావద్దన్నాడు. ఆ నెల అద్దె కోసం నాన్నకు ఫోన్ చేశాను. ఆయన దింపు తీయించిన కొబ్బరికాయల డబ్బు పంపించారు. అది ఎలా వచ్చిన డబ్బో నాకు తెలుసు కాబట్టి ఆ రాత్రి అన్నం సహించలేదు.

అందుకే బాబాయికి చెప్పాను, ఫీజు సంగతి పక్కన పెట్టండి, ఆ 20 వారాల అద్దె, తిండి, రైలు ఖర్చు విడిగా ఒక ఖాతాలో వేసి ముట్టుకోకుండా ఉంచగలరా అని. ఉంచగలిగితే పంపండి. లేకపోతే ఒక ఏడాది ఆగి కూడబెట్టుకుని పంపండి. వీసా కోసం ఏడాది జీవన వ్యయం కింద 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపించాలని 2024 మేలో పెట్టారు, ఫీజూ ప్రయాణ ఖర్చూ దానికి అదనం. మనవైపు కొందరు ఆ డబ్బు నెల రోజులకు వడ్డీకి తెచ్చి, ఖాతాలో చూపించి, వెనక్కి ఇచ్చేస్తున్నారు. బాబాయ్, అలా మాత్రం చేయకండి. అక్కడ పిల్ల బతకడానికి కావలసింది ఆ డబ్బే.

ఇక కోర్సు. ఆఫర్ లెటర్ చూడగానే నేను పాపతో ఫోన్లో, నర్సులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే ఆస్ట్రేలియా నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ బోర్డు ఆమోదించిన కోర్సుల జాబితా తెరిపించాను. యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, క్యాంపస్ మూడూ సరిపోయాయి. ఫీజు కట్టకముందే చేయాల్సిన పని ఇది. హెల్త్ సైన్స్ అనో, హెల్త్ కేర్ అనో పేరున్న డిగ్రీలు నర్సింగ్ లాగే అనిపిస్తాయి, కానీ వాటితో నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. డిప్లొమా ఆఫ్ నర్సింగ్ చదివితే ఎన్‌రోల్డ్ నర్సు అవుతారు, అది రిజిస్టర్డ్ నర్సు కన్నా కింది హోదా.

ఇక్కడే బీఎస్సీ నర్సింగ్ చేసి ఉద్యోగం చేస్తున్న అమ్మాయిలు కూడా "మళ్లీ మూడేళ్లు చదవాలా అక్కా" అని అడుగుతారు. తొందరపడకండి. ముందు ఆ బోర్డు సైట్‌లోనే సెల్ఫ్ చెక్ చేసుకోండి. మీ చదువు సరిపోతుందని తేలితే కంప్యూటర్ మీద రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష, తరువాత అడిలైడ్‌లో ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసైతే చాలు. దానికి కొత్తగా డిగ్రీ ఫీజు కట్టనక్కర్లేదు.

ఇంగ్లీష్ దగ్గర మనవాళ్లకు ఎక్కువ టెన్షన్. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, మాట్లాడటం ఒక్కోదానికి 7, రాయడానికి 6.5 ఉండాలని రిజిస్ట్రేషన్ బోర్డు అంటుంది. యూనివర్సిటీ చేర్చుకునేటప్పుడు ఇంకాస్త ఎక్కువ కూడా అడగవచ్చు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. స్కోరు తెచ్చుకోవడం సాధ్యమే, ఏడాది కష్టపడితే వస్తుంది. అసలు ఇబ్బంది వార్డులో ఎదురవుతుంది.

నా రెండో ప్లేస్‌మెంట్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, జీవితమంతా గొర్రెల ఫారంలో పనిచేసిన మనిషి. పొద్దున నేను మంచం దగ్గరికి వెళ్లగానే "ఐ ఫీల్ ఎ బిట్ క్రుక్, లవ్" అన్నాడు. క్రుక్ అంటే దొంగ, మోసగాడు అనే నాకు తెలుసు. ఏదో సరదాగా అంటున్నాడనుకుని నవ్వి, దుప్పటి సర్ది పక్క మంచానికి వెళ్లిపోయాను. అక్కడి మాటల్లో క్రుక్ అంటే ఒంట్లో బాగోలేదని. పావుగంట తరువాత నాకు నేర్పించే నర్సు వచ్చి బీపీ చూస్తే పైది 88కి పడిపోయి ఉంది. ఎమర్జెన్సీ టీమ్‌ని పిలిచింది, ఐదారుగురు పరుగెత్తుకొచ్చారు. ఆయన కోలుకున్నాడు. తరువాత ఆవిడ నన్ను మందుల గదిలోకి తీసుకెళ్లి, గొంతు పెంచకుండా, "ఆయన ఏమన్నాడో ఆ మాట నాకు వచ్చి చెప్పి ఉంటే పావుగంట ముందే బీపీ చూసేదాన్ని" అంది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏదైనా చెప్తే అర్థమైనా కాకపోయినా "ఆయ్, అలాగేనండి" అంటాం. మళ్లీ అడిగితే ఎదురు చెప్పినట్టు. ఆ అలవాటు వార్డులోకి తీసుకెళ్లకు తల్లీ. "నాకు ఆ మాట తెలియదు, ఇంకోలా చెప్పండి" అని రోగినీ అడుగు, నర్సునూ అడుగు, డాక్టరునూ అడుగు. అక్కడ డాక్టర్లను కూడా పేరు పెట్టి పిలుస్తారు. మొదటి నెల నోరు రాదు, తరువాత అలవాటవుతుంది. ప్లేస్‌మెంట్‌లో మార్కులు వేసే ఫెసిలిటేటర్ చూసేవాటిలో ఇదొకటి. ఏమీ అడగని విద్యార్థిని చూస్తే వాళ్లకు భయం.

బాబాయి చాలాసేపు ఆగి, పాప లోపలికి వెళ్లాక, ఒక మాట అడిగారు. "ఒంటికి స్నానాలు చేయించడం, అవన్నీ శుభ్రం చేయడం నర్సులే చేయాలంట కదా." అవును, చేయాలి. మన దగ్గర ఆసుపత్రిలో మంచం పక్కన భార్యో, తల్లో, కూతురో ఉండి ఒళ్లు తుడుస్తారు, బెడ్ పాన్ పెడతారు. నర్సు ఇంజెక్షన్ చేసి, సెలైన్ మార్చి వెళ్తుంది. అక్కడ ఆ పనంతా నర్సుదీ, సహాయకులదీ. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలు వార్డులకు పగలు నలుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని 2015లో చట్టమే చేశారు. ఆ నలుగురి ఒళ్లూ మనం చూడాలి.

నేను మొదట చేయించిన స్నానం తొంభై ఏళ్ల ఆవిడకు. మణికట్టు మీద నీళ్లు పోసుకుని వేడి చూసుకోవడం, ముందు ముఖం, తడిపిన చోటే టవల్ తీసి మిగతా ఒళ్లంతా కప్పి ఉంచడం, వీపు తిప్పినప్పుడు తోక ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందా అని వేలితో నొక్కి చూడటం. నొక్కినా తెల్లబడకపోతే పడక పుండు మొదలవుతున్నట్టు. మందులు ఇచ్చేటప్పుడు కనిపించని ఆ సంగతి స్నానం చేయించేటప్పుడే కనిపించింది. మా నాన్నమ్మ ఆఖరి రోజుల్లో అమ్మ ఇలాగే చేసేది. అది చెప్పాక బాబాయి ఇంకేమీ అనలేదు.

మందుల లెక్కలకు మాత్రం ఇప్పటి నుంచే కూర్చో పాపా. చాలా యూనివర్సిటీల్లో నూటికి నూరు రాకపోతే ప్లేస్‌మెంట్‌కి పంపరు. 75 మిల్లీగ్రాములు ఇవ్వాలి, సీసాలో 5 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములు ఉంది, ఎంత తీయాలి? 75ని 100తో భాగించి 5తో గుణిస్తే 3.75 మిల్లీలీటర్లు. ఇంత తేలికే, కానీ టెన్షన్లో చుక్క ఒక స్థానం జరిగితే పది రెట్లు వెళ్తుంది. అందుకే అరను 0.5 అని సున్నా పెట్టి రాయాలి, ఐదును 5.0 అని ఎప్పుడూ రాయకూడదు. చుక్క కనపడకపోతే అది 50 అవుతుంది.

మొదటి ఏడాది గట్టెక్కాక కొంచెం ఊపిరి తీసుకోవచ్చు. విక్టోరియాలో కొన్ని ఆసుపత్రులు నర్సింగ్ విద్యార్థులను రుసాన్ అనే పేరుతో జీతం ఇచ్చి తీసుకుంటాయి. గిన్నెలు కడగడం కన్నా అది వెయ్యి రెట్లు నయం, చేసే పనే చదువుకు పనికొస్తుంది. 48 గంటల నిబంధన దానికీ ఉంటుంది. చదువయ్యాక కొత్త నర్సులకు ఆసుపత్రులు నడిపే గ్రాడ్యుయేట్ ఇయర్ అనే మొదటి ఏడాది శిక్షణలో చోటు రాలేదని కొందరు కుంగిపోతారు. అది లేకపోయినా రిజిస్ట్రేషన్ వస్తుంది. సిటీ పట్టుకుని వేలాడకుండా పల్లె ప్రాంతాల ఆసుపత్రులకూ రాయండి. మనం లంకల పక్కన పెరిగినవాళ్లం, చిన్న ఊరు మనకు కొత్త కాదు.

వెళ్లే ముందు పాప టీకాల కార్డు అడిగాను. చిన్నప్పటిది వరదలప్పుడు తడిసి పోయిందట. ప్లేస్‌మెంట్‌కి హెపటైటిస్ బి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, కోరింత దగ్గు వీటన్నిటికీ కాగితం చూపించాలి. టీబీ పరీక్ష కూడా ఉంటుంది. మనకు చిన్నప్పుడు టీబీ రాకుండా బీసీజీ టీకా వేస్తారు కాబట్టి చర్మం పరీక్ష పాజిటివ్ రావచ్చు, కంగారు పడకుండా డాక్టరుకు చూపించి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. ఎక్కువ సమయం పట్టేది హెపటైటిస్ బి. ఇప్పుడొకటి, నెల తరువాత ఒకటి, ఆరో నెలకొకటి, ఆ తరువాత యాంటీబాడీలు వచ్చాయో లేదో రక్త పరీక్ష. చివరి డోసు కాకుండా వెళ్లి, ప్లేస్‌మెంట్ ఆగిపోయి, సెమిస్టర్ వెనకబడ్డ పిల్లలను చూశాను.

పండగ వెళ్లిన సోమవారం అమలాపురం వెళ్లి మొదటి డోసు వేయించుకుందట, కార్డు ఫోటో పంపింది. మూడోది జూలైలో. తోట కాగితాలు ఇంకా బాబాయి బీరువాలోనే ఉన్నాయి.