మనిషి ఆ గదిలోనే ఉన్నట్టు కనబడాలంటే

మనిషి బొమ్మ విడిగా బాగానే వస్తోందనీ, వెనక గదో వీధో గీసేసరికి కత్తిరించి అతికించినట్టు ఉంటోందనీ రాశారు. వాటర్‌కలర్, ఇంకు, పాస్టెల్ (సుద్దముక్కలాంటి రంగుకడ్డీ) కలిపితే రంగులు బురదైపోతున్నాయని కూడా అన్నారు. ఈ రెండూ నన్ను చాలాకాలం వేధించాయి. బురద సంగతి, ఏది ముందు ఏది తర్వాత వెయ్యాలో ఆ వరస తెలిస్తే తీరిపోతుంది. అతికించినట్టు ఉండటమే అసలు చిక్కు.

నేను ముందు మనిషి చుట్టూ పెన్నుతో గీత పూర్తిగా మూసేసేవాణ్ణి. ముఖం, చేతులు, బట్టలు అన్నీ అయ్యాక మిగిలిన ఖాళీలో గోడా కిటికీ రంగులతో నింపేవాణ్ణి. మనిషంతా ఇంకు, గదంతా వాటర్‌కలర్. ఇక ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి?

ఒకసారి కుట్టుమిషను మీద వంగి పనిచేసుకుంటున్న దర్జీని గీస్తున్నాను. కిటికీ ఆయనకు ఎడమవైపు ఉంది. కుడి మోచేయి గీయబోతే, చెయ్యి ఎక్కడ ఆగిందో మిషను నలుపు ఎక్కడ మొదలైందో ఎంత చూసినా తెలియలేదు. చొక్కా నీడ, మిషను, కింద బల్ల అంతా కలిసి ఒకటే ముదురు మచ్చ. ఎడమ చెంప, సూది దగ్గర వేళ్లు మాత్రం వెలుతురులో తేటగా ఉన్నాయి. ఆరోజు గీత మానేసి పెద్ద కుంచెతో ఆ మచ్చనంతా ఒకే పూతగా, భుజం మీంచి బల్ల దాకా ఆపకుండా లాగాను. ఆరాక చెంపకీ వేళ్లకీ గుడ్డ మడతలకీ మాత్రమే పెన్ను పెట్టాను. మోచేయి అసలు గీయనే లేదు. అయినా చూసినవాళ్లకి అది కనబడింది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

అప్పట్నుంచి ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట మనిషి అంచుని నీడలోకి వదిలేస్తాను. ఏ సామగ్రినీ ఒక్క మనిషికో ఒక్క గోడకో పరిమితం చెయ్యను. గోడకి వాడిన పసుపు పాస్టెల్ ముక్కతోనే దవడ కింద ఒక గీత వేస్తాను. ఎండపడ్డ గోడ రంగు పక్కనున్న చర్మం మీదికి రావడం మీరూ గమనించే ఉంటారు.

ఇంగ్లండు శిల్పి హెన్రీ మూర్ 1940-41లో, లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకున్న జనాన్ని గీసిన బొమ్మలు తప్పకుండా చూడండి. మైనపు క్రేయాన్‌తో గీసి, మీద వాటర్‌కలర్ పూత వేశాడు. మైనం ఉన్నచోట నీళ్లరంగు అంటదు, అందుకని చీకట్లోంచి గీతలు వెలుగుతాయి. నిద్రపోతున్నవాళ్ల దుప్పటి మడతలకీ వెనక గోడలకీ అదే మైనం, అదే నీళ్లరంగు. ఫ్రెంచి చిత్రకారుడు వుయ్యార్ వేసిన గదుల బొమ్మల్లోనైతే ఆడవాళ్ల గౌను పూలు గోడకాగితం పూలలో దాదాపు కలిసిపోతాయి.

ఇక వరస. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉంటే తడికి పెద్దగా ముడతపడదు. తెల్లగా మిగలాల్సిన చోట్ల ముందే మైనం, తర్వాత వాటర్‌కలర్, అది ఆరాక ఇంకు, ఆపైన గౌష్ (కిందిది కనబడకుండా కప్పేసే చిక్కటి నీళ్లరంగు), అన్నిటికంటే ఆఖర్న పాస్టెల్, కలర్ పెన్సిల్. ఆయిల్ పాస్టెల్‌లో నూనె, మైనం ఉంటాయి, దాని మీద నీళ్లరంగు నిలవదు కాబట్టి దాన్ని మొదట్లో వాడితే మైనంలా, లేదంటే చిట్టచివరికి. బురదకి కారణం చాలాసార్లు తొందరే. అరచేతి వెనకవైపు కాగితానికి ఆనిస్తే చల్లగా తగిలిందా, లోపల ఇంకా తడుందన్నమాట. ఆగండి. ఇంకు కూడా ఒక ముక్క మీద గీసి, ఆరాక తడికుంచెతో రుద్ది చూడండి. కరిగితే దాన్ని పూత కిందికి వాడొద్దు.

కొత్త కాగితం కన్నా ముందు, పాడైందని పక్కన పెట్టిన బొమ్మ ఒకటి తీయండి. వెలుగు ఎటునుంచి వస్తోందో చూసి, నీడవైపు భుజం గీతని గౌష్‌తో, ఒకే ముదురు రంగుతో, బట్టనీ గోడనీ కలుపుతూ కప్పేయండి. వెలుగువైపు గీతని ముట్టుకోవద్దు. ఆరాక గోడకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి.