యూరప్‌లో ఆకురాలే కాలంలో పిల్లలతో ఎక్కడికి వెళ్తారు? మన పండగల సంగతేంటి?

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. ఈ ప్రశ్నకి ఇక్కడ చాలామంది లుడ్విగ్స్‌బుర్గ్ గుమ్మడికాయల ప్రదర్శన అని చెప్తారు. రాజభవనం తోటలో లక్షల కాయలు, పెద్ద గుమ్మడికాయని తొలిచి అందులో కూర్చుని తెడ్డు వేసే పందేలు. పిల్లలకి నచ్చుతుంది, వెళ్ళండి. మా ఇంట్లో మాత్రం ఈ కాలం అంటే పూల చేను.

ఇక్కడ ఊళ్ళ చివర రోడ్డు పక్కన పూల మడులు ఉంటాయి. కాపలా ఉండదు. బోర్డు మీద కాడకి ఇంత అని ధర, కోసుకోవడానికి కత్తులు, డబ్బులు వేయడానికి ఇనుప డబ్బా, అంతే. కావలసినన్ని కోసుకుని లెక్క మనమే వేసుకోవాలి. 2025లో బతుకమ్మ సెప్టెంబర్ 21నే మొదలైంది, డాలియాలు నిండుగా ఉన్నాయి. జగిత్యాల నుంచి అమ్మ వచ్చి ఉంది. "కావలి లేదా? మరి పైసలు ఎవలకియ్యాలె?" అని రెండుసార్లు అడిగింది. డబ్బా చూపించాక కొంగు దోపుకుని, పువ్వు కింద బెత్తెడు కాడ ఉంచి టకటకా కోయడం మొదలుపెట్టింది. పక్క సాలులో ఉన్న జర్మన్ పెద్దావిడ చూసి ఆగలేకపోయింది. పొడుగ్గా కోసినా అదే ధర కదా, ఇంత పొట్టి కాడలు వాజులో ఎలా నిలబడతాయి అని ఆవిడ బాధ. వాజులోకి కాదు, తాంబాలంలో గుండ్రంగా పేర్చుకుంటూ ఇంత ఎత్తు చేస్తాం అని మా పాప జర్మన్‌లో చెప్పింది, చెయ్యెత్తి చూపిస్తూ. ఆవిడ కత్తి తీసుకుని అమ్మ పక్కనే వంగి పొట్టి కాడలు కోసిచ్చింది.

తంగేడు బదులు రైలు పట్టాల వెంట పచ్చగా పూసే గోల్డ్‌రూటె పెడతాం. అది అమెరికా నుంచి వచ్చి ఇక్కడి మొక్కల్ని కమ్మేస్తున్న మొక్క, కాబట్టి గుప్పెడు కోసినా నష్టం లేదు. గునుక్కి వెతుకులాటే లేదు. ఈ నెలల్లో నర్సరీల్లో సెలోసియా కుండీలు అమ్ముతారు, అది గునుగు జాతే. అడుగున గుమ్మడాకుకి బదులు రాలిన మేపుల్ ఆకులు.

ఇక్కడి తెలుగు సంఘాల బతుకమ్మ వేడుకల గురించి కూడా చెప్పాలి. తిథి ఎప్పుడైనా సరే, శనివారం హాలు దొరికితేనే పండగ. టికెట్టు, డీజే, ఉపన్యాసాలు. ఆడవాళ్ళ పాట ఎవరికీ వినపడదు, పిల్లలు మూలన ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఇలాగైతే వాళ్ళకి చప్పట్లు వేయడం కూడా రాదు. కిండర్‌గార్టెన్ వాళ్ళని చూడండి. నవంబర్ 11, సెయింట్ మార్టిన్ రోజు కోసం ఎన్నో రోజుల ముందు నుంచే పిల్లల చేత కాగితం లాంతర్లు చేయిస్తారు. ఆ సాయంత్రం గుర్రం మీద మార్టిన్ వేషం వేసినాయన తన అంగీని సగం కోసి బిచ్చగాడికి ఇస్తాడు, పిల్లలు లాంతర్లు పట్టుకుని పాడుతూ చీకట్లో నడుస్తారు. ఎవరి లాంతరు వాళ్ళే చేసుకున్నది, అందుకే తుంపర పడుతున్నా ఒక్కరూ ఇంటికి పోదామనరు. బతుకమ్మని పిల్లలు తమ చేతులతో పేర్చాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఏటా తిథి చూసుకోండి. 2023లో లాగా అక్టోబర్ 14న మొదలైతే చేలో పూలు పలచబడతాయి, మొదటి మంచు పడిన రాత్రే డాలియాలు నల్లబడిపోతాయి. అలాంటి ఏడాదిలో చామంతి కుండీలు ముందే కొనిపెట్టుకోండి. చేనుకి వెళ్ళేటప్పుడు చిల్లర తీసుకెళ్ళండి, చాలాచోట్ల కార్డు నడవదు.