ఆగాల్సింది ‘టు’ తర్వాత కాదు, ‘టు’కి ముందు

ప్రశ్న: ఆఫీసు కాల్స్‌లో నేను ఇంగ్లీష్ మాట్లాడుతుంటే అమెరికా క్లయింట్లు “కొంచెం నెమ్మదిగా చెప్పండి” అంటున్నారు. నెమ్మదిగా మాట్లాడితే తడబడుతున్నట్టు ఉంటోంది. మధ్యమధ్యలో ఆగుతూ స్పష్టంగా మాట్లాడటం ఎలా అలవాటు చేసుకోవాలి?

మీ ప్రశ్న చదవగానే నాకొక నైట్ డ్యూటీ గుర్తొచ్చింది. నేను నర్సుని. నరసరావుపేట దగ్గర పల్లెటూరు మాది, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక ఆస్పత్రి వార్డులో పనిచేస్తున్నాను. ఇక్కడ నర్సుగా చేరడానికి ఓఈటీ (ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) రాస్తే స్పీకింగ్‌లో 350 రావాలి, అప్పుడే బీ గ్రేడు. అది తెచ్చుకునే విమానం ఎక్కాను. అయినా వచ్చిన రెండో నెలలోనే, రాత్రి రెండింటప్పుడు డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి ఒక పేషెంటుకి బీపీ పడిపోతోందని చెబితే ఆయన మూడుసార్లు “సారీ?” అన్నారు. మూడోసారికి నా గొంతు పూడుకుపోయింది. పక్కనున్న సీనియర్ సిస్టర్ ఫోన్ అందుకుని అదే సంగతి, దాదాపు నేనన్న మాటల్లోనే చెప్పింది. ఆయనకి ఒక్కసారికే అర్థమైంది.

పొద్దున డ్యూటీ దిగేటప్పుడు ఆవిడ నాతో, నీ మాటల్లో తప్పేం లేదు, నువ్వు ఆగే చోట్లే మాకు అంతుపట్టవు అంది. నేను అప్పటిదాకా నా స్పీడూ, నా యాసా ఇబ్బంది అనుకుంటున్నాను. ఇంటికెళ్ళి, పేషెంటు వివరాలు మార్చేసి, అదే కాల్‌ని ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. నేను చెప్పిన తీరు ఇది. గీత ఉన్నచోట ఆగాను అనుకోండి:

ది పేషెంట్ ఇన్ / బెడ్ సిక్స్ ఈజ్ కంప్లైనింగ్ ఆఫ్ / చెస్ట్ పెయిన్ అండ్ / హర్ బీపీ ఈజ్ ఎయిటీ ఎయిట్ ఓవర్ / ఫిఫ్టీ.

నాలుగుసార్లు విన్నాక పట్టుకున్నాను. ప్రతిసారీ ‘ఇన్’, ‘ఆఫ్’, ‘అండ్’, ‘ఓవర్’ లాంటి చిన్న మాట అనేసి, ఆ తర్వాత ఆగుతున్నాను. ఎందుకంటే తెలుగులో మనకి ఆ చిన్న మాట చివర వస్తుంది. గుంటూరుకి, మంచంలో, నొప్పి వల్ల, వస్తానని. ఆ ‘కి’, ‘లో’, ‘వల్ల’, ‘అని’ రాగానే ఆ ముక్క అయిపోయిందని వినేవాళ్ళకి తెలిసిపోతుంది. అందుకే తెలుగులో మనం ఊపిరి తీసుకోకుండా గడగడా మాట్లాడినా ఎవరికీ కష్టం ఉండదు, అతుకులు మాటల్లోనే వినబడుతుంటాయి. ఇంగ్లీష్‌లో ‘టు’, ‘ఇన్’, ‘దట్’, ‘బికాజ్’ అన్నీ తర్వాత వచ్చే ముక్కకి తలుపులు. మనం తలుపు తీసి గడపలో నిలబడిపోతున్నాం. “హీ సెడ్ దట్ / హీ ఈజ్ నాట్ కమింగ్” అని మనవాళ్ళు అనడం ఎన్నిసార్లు విన్నారో గుర్తు తెచ్చుకోండి. ‘దట్’ని మనం ‘అని’ లాగా ముందు మాటకి అంటిస్తున్నాం. ఇంగ్లీష్ చెవికి అది ‘సెడ్’ తర్వాత తెగాలి.

కాబట్టి మీ స్పీడు జోలికి వెళ్ళకండి. మాటల్ని సాగదీస్తే నిజంగానే తడబడుతున్నట్టు ఉంటుంది, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ముక్కని మీ మామూలు వేగంతోనే చెప్పండి. ఆగే చోటుని మాత్రం ఒక్క మాట వెనక్కి జరపండి:

ది పేషెంట్ ఇన్ బెడ్ సిక్స్ / ఈజ్ కంప్లైనింగ్ ఆఫ్ చెస్ట్ పెయిన్ / అండ్ హర్ బీపీ / ఈజ్ ఎయిటీ ఎయిట్ ఓవర్ ఫిఫ్టీ.

రెండూ బయటికి చదివి చూడండి. పట్టే టైము ఇంచుమించు ఒకటే. రెండోదాన్ని విన్నవాళ్ళు రాసుకోగలరు.

ఈ ఒక్క మార్పు నాకు ఒంటపట్టడానికి మూడు నెలలు పట్టింది. వార్డులో మాకు డాక్టరుకి ఫోన్ చేసేటప్పుడు ఎస్‌బార్ అని ఒక వరుస ఉంటుంది: ఇప్పుడేం జరుగుతోంది, పేషెంటు వెనకటి కథేంటి, నేను చూసిందేంటి, మీరేం చేయాలని అడుగుతున్నాను. ఫోన్ ఎత్తేముందు చీటీ మీద ఈ నాలుగూ రాసుకుని, ఆగాల్సినచోట పెన్నుతో నిలువుగీత పెట్టేదాన్ని. యూనిఫామ్ జేబు నిండా ఆ చీటీలే, షిఫ్ట్ అయ్యాక అన్నీ వార్డులోనే చించి పారేయాల్సి వచ్చేది. మొదట్లో గీత దగ్గర ఆగడం ఎంత భయంగా ఉండేదో చెప్పలేను. అర సెకను కూడా ఉండదు, నాకు మాత్రం బస్సు మిస్సయినంత సేపు అనిపించేది. రికార్డింగ్‌లో వింటే ఆ గ్యాప్ దాదాపు వినబడను కూడా వినబడదు. మీరు కూడా రికార్డు చేసి వినండి. లోపల అనిపించే నిడివికీ, బయట వినిపించే నిడివికీ ఉన్న తేడా మన చెవితో మనం వింటే తప్ప నమ్మలేం.

ఆ భయానికి ఇంకో కారణం ఉంది, ఇది ఎవరూ చెప్పగా వినలేదు. మనకి ఊఁ కొట్టడం అలవాటు. అమ్మమ్మ కథ చెబితే ఊఁ కొట్టాలి, ఆపేస్తే నిద్రపోయామనుకుంటుంది. ఫోన్‌లో మా అమ్మ ఇప్పటికీ వాక్యానికి రెండు ఊఁలు కొడుతుంది. ఇక్కడి డాక్టర్లు చాలామంది నిశ్శబ్దంగా వింటారు. అవతల్నుంచి ఊఁ రాకపోయేసరికి లైను కట్టయిందేమో, నా మాట అర్థం కాలేదేమో అని కంగారుపడి, ఆగాల్సినచోట ఆగకుండా ఇంకో నాలుగు మాటలు కుమ్మరించేదాన్ని. మీ క్లయింట్లు మ్యూట్‌లో ఉండి వింటారు కదా, మీకు ఇంకా కష్టం. అవతల నిశ్శబ్దంగా ఉన్నారంటే రాసుకుంటున్నారని అనుకోండి. చాలాసార్లు అది నిజం కూడా.

ఆగినచోట నోట్లోంచి ఏదో ఒకటి రావడం ఇంకో అలవాటు. తెలుగులో ‘అంటే’, ‘మరి’, ‘ఏంటంటే’ అంటాం కదా, అవే ఇంగ్లీష్‌లోకి ‘మీన్స్’, ‘యాక్చువల్లీ’గా వచ్చేస్తాయి. నేను ‘మీన్స్’ మనిషిని. అన్నిటినీ మానేయాలని నేననను, అక్కడొకటి ఇక్కడొకటి ఇంగ్లీషువాళ్ళూ అంటారు. కానీ నిలువుగీత ఉన్నచోట నోరు మూసుకుని ఉండటం సాధన చేయండి. నోరు మూయడం అని మామూలు అర్థంలోనే అంటున్నాను. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, అందుకే బెడ్‌ని బెడ్డు, స్టాప్‌ని స్టాపు అంటాం, ఆ ‘ఉ’ పక్క మాటలోకి జారిపోయి అన్నీ కలిసిపోతాయి. ‘స్టాప్’ అన్నాక పెదాలు కలిపి ఒక క్షణం అలాగే ఉంచండి. ముక్క కొస అక్కడ తెగుతుంది.

గొంతు సంగతి కూడా చూసుకోవాలి. ఆగిన ప్రతిచోటా గొంతు దించేస్తే మీ మాట అయిపోయిందనుకుని అవతలివాళ్ళు మొదలుపెట్టేస్తారు, కాల్స్‌లో అయితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోతారు. వాక్యం మధ్యలో ఆగేటప్పుడు గొంతుని అదే ఎత్తులో నిలపండి, ముగింపులో మాత్రం దించండి. ఇది కొత్తగా నేర్చుకునేదేం కాదు. “ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది” అని ఆగినప్పుడు పేరు ఇంకా రావాల్సి ఉందని మన చెవికి తెలిసేది గుర్తుందా, అదే.

అంకెల దగ్గర మాత్రం నేను మొండిగా ఆగుతాను. ఒకసారి ఇన్సులిన్ గురించి పక్క నర్సుతో ‘ఫిఫ్టీన్ యూనిట్స్’ అని హడావుడిగా అన్నాను. తను చెక్ చేసుకోడానికి తిరిగి చదువుతూ ‘ఫైవ్ జీరో?’ అంది. ఒళ్ళు జలదరించింది. అప్పట్నుంచి ‘ఫిఫ్టీన్’, ఆగి, ‘వన్ ఫైవ్’, మళ్ళీ ఆగి, ‘యూనిట్స్’. మీకు ఇన్సులిన్ ఉండకపోవచ్చు, తేదీలూ డబ్బూ వెర్షన్ నంబర్లూ ఉంటాయి. ఫోన్ నంబరు కూడా అంతే. మనం పది అంకెల్ని అయిదూ అయిదుగా చెబుతాం. అమెరికావాళ్ళ చెవి మూడు, మూడు, నాలుగుకి అలవాటుపడింది. మన విరుపులో చెబితే ప్రతి అంకె సరిగ్గా పలికినా మళ్ళీ అడుగుతారు. వాళ్ళ విరుపులో చెప్పి చూడండి.

మాట దొరక్క ఆగడం సంగతి వేరు. ఐఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్షలో అన్నిటికంటే పై స్కోరైన 9 బ్యాండు వివరణ చూస్తే ఆగకూడదని ఉండదు. ఆగినా అది చెప్పబోయే విషయం కోసమై ఉండాలి, మాట కోసమో వ్యాకరణం కోసమో వెతుక్కుంటున్నట్టు ఉండకూడదని ఉంటుంది. మాట దొరకనప్పుడు ముక్క మధ్యలో నిలబడి వెతక్కండి. ఉన్న ముక్కని మళ్ళీ మొదటినుంచి, తెలిసిన చిన్న మాటలతో చెప్పేయండి. నాకు ‘డిటీరియరేటింగ్’ అనే మాట కంగారులో ఎప్పుడూ నోరు తిరగదు. ‘షీ ఈజ్ గెటింగ్ వర్స్’ అంటాను. డాక్టరు పరిగెత్తుకుంటూ వస్తారు, అది చాలు నాకు.

రేపటి కాల్‌కి ముందు మీరు చెప్పబోయే మొదటి నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకోండి. ‘టు’, ‘ఇన్’, ‘ఫర్’, ‘అండ్’, ‘దట్’, ‘బికాజ్’ కింద గీత గీయండి, వాటికి ముందు నిలువుగీత పెట్టండి. అన్ని నిలువుగీతలూ అక్కర్లేదు, ‘కప్ ఆఫ్ టీ’ లాంటిచోట ఎవరూ ఆగరు. గట్టిగా చదువుతూ అక్కర్లేనివి కొట్టేయండి. ఏవి ఉంచాలో తేల్చుకోలేకపోతే ఆ నాలుగు వాక్యాలు ఇక్కడ కింద పెట్టండి. ఈ వారం నాకు నైట్స్ లేవు, కూర్చుని చూస్తాను.