తెల్లవారకముందే లేచి నిక్కరు ఉతుక్కుంటున్నాడు

ప్రశ్న: మాది నిజామాబాద్ దగ్గర పల్లె. మా ఆయన ఆరేళ్లుగా దుబాయ్‌లో పనిచేస్తున్నారు. బాబు ఎనిమిదో తరగతి, పాప ఐదో తరగతి. కొన్నాళ్లుగా బాబు తెల్లవారకముందే లేచి నిక్కరు, దుప్పటి తనే ఉతుక్కుంటున్నాడు. ఎందుకని అడిగితే కసురుకుంటున్నాడు. ఏదైనా జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది. మొన్న టీవీలో ప్యాడ్ల ప్రకటన చూసి పాప ‘అవి ఎందుకమ్మా?’ అంటే ‘నీకెందుకు?’ అని అరిచాను. ఆడదాన్ని, మగపిల్లాడితో ఇవన్నీ ఎలా మాట్లాడను? వాళ్ల నాన్న వచ్చేదాకా ఆగనా?

జవాబు: ఆగకండమ్మా. ఆయన వచ్చేసరికి బాబు ఈ సంగతులన్నీ ఎవరో ఒకరి దగ్గర, ఏదో ఒక ఫోన్లో తెలుసుకునే ఉంటాడు.

మీరు రాసినదాంట్లో నాకు జబ్బు కనిపించడం లేదు. మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా పెద్దవాళ్లయ్యే మార్పులు మొదలవుతాయి. ముందు వృషణాలు పెరుగుతాయి. ఆ తర్వాత వెంట్రుకలు వస్తాయి, ఎత్తు పెరుగుతారు, గొంతు మారుతుంది. వీర్యం తయారవడం మొదలయ్యాక అది ఒక్కోసారి నిద్రలోనే బయటికి వస్తుంది. స్వప్నస్కలనం అంటారు. కొందరికి తరచూ అవుతుంది, కొందరికి అసలు కాదు. రెండూ మామూలే. మందు అక్కర్లేదు. ఒకవేళ అది మూత్రమనో, మంటగా ఉందనో బాబు చెబితే మాత్రం డాక్టరుకు చూపించండి. అది కూడా తిట్టాల్సిన విషయం కాదు.

నాకు దిగులు పుట్టించేది ఆ పిల్లాడి ఒంటరితనం. ఇన్ని రక్తపు చుక్కలు కలిస్తే ఒక వీర్యపు చుక్క అని ఎవరో చెబుతారు. ‘నరాల బలహీనత’కు మందులిస్తామని బస్టాండు గోడల మీద రాసి ఉంటుంది. అవి నమ్మి, తనకేదో అయిపోతోందని చదువు మీద మనసు పెట్టలేక కుంగిపోయిన పిల్లల్ని నేను చూశాను. వీర్యం పోతే బలం తగ్గదు. హస్తప్రయోగం వల్ల కూడా తగ్గదు. ఈ రెండు మాటలూ ఇంట్లో ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

ఎదురుగా కూర్చోబెట్టి చెప్పకండి, బిగుసుకుపోతాడు. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బండి మీద వెనక కూర్చునో, ముఖాలు చూసుకునే పని లేనప్పుడు చెప్పండి. “బిడ్డా, నీ వయసుల నిద్రలో ఒక్కోసారి నిక్కరు తడుస్తది. అది వీర్యం. మగపిల్లలు పెద్దయ్యేటప్పుడు ఇట్లనే అయితది. జబ్బు కాదు, తప్పు కాదు. ఏమన్న అడగాలనిపిస్తే నన్ను అడుగు.” ఇంతే. లేచి వెళ్లిపోతే పోనివ్వండి, మాట చెవిన పడింది కదా. నాలుగు రోజులాగి మరో చిన్న మాట చెప్పండి. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ పాఠం ఉంది. ‘ఈ పాఠం అయిందా?’ అని అడిగి కూడా మొదలుపెట్టొచ్చు.

ఫోన్లో చెడ్డ వీడియోలు చూసి ఉండొచ్చు. ఫోన్ లాక్కుని వెతికితే ఇక మీకేదీ చెప్పడు. అందులో ఉన్నది డబ్బుకు చేసిన నటన అని, నిజంగా దగ్గరయ్యే ఇద్దరికీ ఇష్టం, గౌరవం, తగిన వయసు ఉండాలని చెప్పండి.

ఇక పాప సంగతి. ఆడపిల్ల పెద్దమనిషైతే ఫ్లెక్సీలు కట్టి, ఊరంతటికీ భోజనాలు పెడతాం. ఆ రక్తం ఎక్కడి నుంచి, ఎందుకు వస్తుందో మాత్రం ఆ పిల్లకే చెప్పం. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఛాతీ పెరగడం మొదలైన రెండు, రెండున్నరేళ్లకు సాధారణంగా మొదటి నెలసరి వస్తుంది. మీ పాపకు చెప్పాల్సిన సమయం ఇదే. ‘ఆ రోజు అరిచాను, నాకెలా చెప్పాలో తెలియలేదు’ అని ముందు ఒప్పుకోండి. పొత్తికడుపులో గర్భసంచి ఉంటుందని, బిడ్డ కోసం దాంట్లో నెలనెలా మెత్తటి పొర తయారవుతుందని, బిడ్డ లేనప్పుడు ఆ పొర రక్తంతో కలిసి బయటికి వస్తుందని, అది గాయం కాదని చెప్పండి. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపించి, ఒకటి స్కూలు బ్యాగులో ఉంచండి. ఈ సంగతి బాబుకు కూడా తెలియాలి. రేపు బడిలో ఏ అమ్మాయి గౌను మీదైనా మరక కనిపిస్తే నవ్వకుండా ఉంటాడు.

ఒంటి మీద ఎవరు ఎక్కడ చేయి వేయకూడదో ఇద్దరికీ చెప్పండి. మగపిల్లలకూ వేధింపులు జరుగుతాయి. పిల్లలపై లైంగిక వేధింపులను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం వాళ్లనూ కాపాడుతుంది. సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని ఇద్దరికీ నేర్పండి.

మీ ఆయనకు ముందు మీరొక్కరే ఫోన్ చేసి విషయం చెప్పండి. ఉపన్యాసం వద్దు, ‘నీ వయసుల నాకూ ఇట్లనే అయింది’ అని కొడుకుతో ఒక్క మాట అంటే చాలని చెప్పండి. ఆయన సెలవు రోజున వీడియో కాల్ కలిపి, ఫోన్ బాబు చేతికిచ్చి, మీరు పాపను తీసుకుని కాసేపు బయటికి వెళ్లండి.