పొరుగువారి పండుగలు, మన తేదీలు

ప్రశ్న: న్యూజెర్సీలోని మా తెలుగు సంఘం 2025 అక్టోబరు 2న దసరా జరుపుకొని, ఇరుగుపొరుగు యూదు కుటుంబాలను భోజనానికి పిలిచింది. ఒక్కరూ రాలేదు. అది వారి కఠిన ఉపవాస దినమని తర్వాత తెలిసి నొచ్చుకున్నాం. 2026లో వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం. ముందు వచ్చే శనివారం, 12న ఉత్సవం పెట్టుకుంటే వారికి ఇబ్బందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇబ్బందే. సెప్టెంబరు 12, 13 తేదీలు యూదుల సంవత్సరాది, రోష్ హషానా. పైగా శనివారం వారికి సబ్బాతు, అంటే వారపు విశ్రాంతి దినం. మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వారికి సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక, శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి ఆదివారం చీకటి పడేదాకా నిష్ఠాపరులు కారు నడపరు, ఫోను ముట్టరు. ముందురోజు సాయంత్రం ఖాళీయే కదా అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

నిరుడు జరిగినదాన్ని కాకతాళీయం అనలేం. వారిదీ అధికమాసాలున్న చాంద్రమాన పంచాంగమే. యోమ్ కిప్పూర్ ఉపవాసం తిష్రీ మాసం పదో రోజున వస్తుంది. తిష్రీ మన ఆశ్వయుజంతో కలిసిన ఏడాది అది విజయదశమికి అటూఇటూగా పడుతుంది, 2025లో సరిగ్గా ఆ రోజే పడింది. 2026లో మనకు అధిక జ్యేష్ఠం ఉంది, వారికి అధికమాసం 2027లో గాని రాదు. అందువల్ల ఈసారి తిష్రీ భాద్రపదంతో కలిసి, చిక్కు దసరా నుంచి చవితికి మారింది.

నా సలహా సెప్టెంబరు 17, గురువారం సాయంత్రం. ఆదివారమే కావాలంటే 20న మధ్యాహ్నానికల్లా ముగించండి, ఎందుకంటే ఆ సాయంత్రమే యోమ్ కిప్పూర్ మొదలవుతుంది. సుమారు 25 గంటలు మంచినీళ్లయినా తాగని ఉపవాసానికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని భోంచేస్తారు. సెప్టెంబరు 25 సాయంత్రం నుంచి సుక్కోత్ పండుగ, దాని వెంట వచ్చే పండుగలతో అక్టోబరు 4 దాకా వారాంతాలు దొరకవు. దసరాకు మాత్రం అక్టోబరు 18, ఆదివారం నిశ్చింతగా పెట్టుకోవచ్చు. అన్ని పండుగలకూ ఇంత పట్టింపు లేదు, హనుక్కా అనే దీపాల పండుగ రోజుల్లో పనులు మానరు.

భోజనం విషయంలో ఒక మాట. శాకాహారమైతే చాలుననుకోకండి, కోషర్ అనే వారి ఆహార నియమం వండిన గిన్నెలకూ వర్తిస్తుంది. నిష్ఠ ఇంటింటికీ వేరు కనుక పిలిచేటప్పుడే అడగండి. అవసరమైతే కోషర్ ముద్ర ఉన్న ప్యాకెట్లను, కోయని పండ్లను వేరే బల్ల మీద ఉంచండి.