పాట పెట్టకముందు అరగంట

తణుకు,
ఆదివారం పొద్దున్న

అమ్మలూ,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. బోనస్ డబ్బుతో ఓపెన్ బ్యాక్ ప్లానార్ హెడ్‌ఫోన్స్ కొంటున్నావు, అంటే కప్పుల వెనక జాలీ తెరిచి ఉండి, లోపల పల్చని పొర ఊగే రకం. హైఫైమాన్ వాళ్ళ హెచ్ఈ400ఎస్ఈ, సుందర, ఎడిషన్ ఎక్స్ఎస్, ఈ మూడిట్లో ఏదో తేల్చి చెప్పమన్నావు. శనివారం షాపులో మూడూ వినిపిస్తారట, మీ ఆఫీసు కుర్రాడు తన ప్లానార్, ఆడిసీ కంపెనీ ఎల్‌సీడీ-ఎక్స్ కూడా పట్టుకొస్తాడట. బాగుంది. ఒక పేరు రాసేసి ఊరుకునేవాణ్ణే. కానీ ‘ఒక్కోదానికి రెండేసి పాటలు, పది నిమిషాల్లో తేలిపోతుంది మావయ్యా’ అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను.

పది నిమిషాలకు పడిపోయినవాణ్ణే నేను. కొన్నేళ్ళ కిందట తెలిసినవాళ్ళింట్లో ఒక పెద్ద ప్లానార్ పెట్టుకుని విన్నాను. బరువు ఆరు వందల గ్రాములకు కాస్త అటూ ఇటూ. కంపెనీ పేరు ఎందుకులే, తప్పు వాళ్ళది కాదు. మృదంగం ఎడమ పక్క తొప్పికి తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు కదా, దాని మీద అరచెయ్యి నొక్కి జరిపితే గుమ్మని ఒక శబ్దం లేచి సాగుతుంది. మైకుసెట్టు పెట్టిన ఇన్నేళ్ళలో ఆ శబ్దం వాయించేవాడి పక్కన కూర్చున్నప్పుడు విన్నానే తప్ప ఏ స్పీకర్లోనూ అంత నిండుగా వినలేదు. అది వినిపించేసరికి ఇంకేం ఆలోచించలేదు, అక్కడికక్కడే బేరం చేసి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాను. తెచ్చాక ఒక్క కచేరీ పూర్తిగా విన్న పాపాన పోలేదు. ముప్పావు గంటకల్లా మెడ వెనక పట్టేసేది. ఫోన్ చూద్దామని తల వంచితే ముందుకు జారేది. మూడు నెలలు బీరువా మీద కూర్చుంది, చివరికి కొన్న ధరలో మూడో వంతు వదులుకుని ఇచ్చేశాను. మీ అత్తయ్య ఇప్పటికీ దాన్ని ‘ఆయన కిరీటం’ అంటుంది.

అందుకని శనివారం షాపులో కూర్చోగానే పాట పెట్టకు. వైరు కూడా గుచ్చొద్దు. ఒక్కోటి తలకు పెట్టుకుని, నీ కళ్ళజోడుతోనే, అరగంట ఏదైనా చదువుకో. షాపు కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనీ. మొదటి ఐదు నిమిషాల్లో అన్నీ మెత్తగానే ఉంటాయి. పదిహేను నిమిషాలు దాటాక నడినెత్తి మీద ఒక రూపాయి బిళ్ళంత మేర మంట మొదలవుతుందా? కళ్ళజోడు కాడ చెవి పైన ఎముకలోకి నొక్కుకుంటోందా? చెవి లోపల గుడ్డకు రాసుకుని వేడెక్కుతోందా? ఇవి ఇంటికి తెచ్చాక తగ్గవు, పెరుగుతాయి. నీది చిన్న తల, ఇది బాగా గుర్తుపెట్టుకో.

బరువుల సంగతి చెప్తాను. సుందర 372 గ్రాములు, హెచ్ఈ400ఎస్ఈ 390, ఎడిషన్ ఎక్స్ఎస్ 405, ఎల్‌సీడీ-ఎక్స్ 612. మామూలు డైనమిక్ డ్రైవర్, అంటే కాయిల్‌తో మోగే రకం, ఉన్న సెన్‌హైజర్ హెచ్‌డీ600 అయితే 260 గ్రాములే. ప్లానార్‌లో అయస్కాంతాలు పొర పొడవునా పరిచి ఉంటాయి కాబట్టి ఆ బరువు తప్పదు. అయితే అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆ బరువు నెత్తి మీద ఎక్కడ ఆనుతుందన్నది అసలు విషయం. సుందరకు ఇనప పట్టీ కింద ఇంకో పట్టీ వేలాడుతుంది, అది నెత్తి మీద వెడల్పుగా పరుచుకుంటుంది. ఎడిషన్ ఎక్స్ఎస్‌కు అది లేదు, దిండు పెట్టిన పట్టీయే నేరుగా కూర్చుంటుంది. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కప్పులు కదా, చెవి మొత్తం హాయిగా లోపలికి పోతుంది, గోడలకు తగలదు. కానీ చిన్న తలలవాళ్ళకు పట్టీని పూర్తిగా కుదించినా కప్పు కింది అంచు దవడ దగ్గరికి దిగిపోతుంది. నీకు అలా దిగితే, అది ఎంత బాగా పాడినా వదిలెయ్. సుందర కొత్తలో గట్టిగానే పట్టేస్తుంది, పైగా కప్పులు పక్కలకు తిరగవు. రాత్రిపూట పుస్తకాల దొంతరకు తొడిగి ఉంచితే నాలుగైదు రోజుల్లో వదులవుతుంది. చేత్తో వంచబోకు.

హైఫైమాన్ వాళ్ళు పెట్టిన పేర్లు చూశావా? సుందర, ఆనంద, ఆర్య, సుస్వర. చైనావాళ్ళు మన బారసాలకు వచ్చి పేర్లు పెట్టినట్టుంది.

ఇప్పుడు చెవి సంగతి. సౌఖ్యం వేరు, శబ్దం వేరు అనుకుంటున్నావు నువ్వు. ప్లానార్‌లో ఆ రెండూ విడదీయలేం. లోపల ఉండేది సన్నని ఫిల్మ్ పొర, దాని మీద కాయిల్‌కు బదులు లోహపు గీతలు. కరెంటు గీతల పొడవునా పారుతుంది, పొర మొత్తం ఒకేసారి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. యమహా వాళ్ళు 1976లోనే ఈ పద్ధతిలో హెచ్‌పీ-1 అని తెచ్చారు, అంచేత ఇదేం కొత్త వింత కాదు. ఈ పొర అట్టడుగు బాస్ దాకా పెద్దగా తగ్గకుండా, చెదరకుండా పలుకుతుంది. కానీ ఆ బాస్ చెవికి చేరాలంటే ప్యాడ్, అదే చెవి చుట్టూ ఉండే దిండు, గాలి పోకుండా తలకు ఆనాలి. వెనక జాలీ తెరిచే ఉంటుందిగా, ముందు కూడా గాలి పోతే ఏమైందిలే అనుకోకు. ప్యాడ్ కింద సందుంటే పోయేది బాసే. నీ కళ్ళజోడు కాడ చేసేది అదే.

తంబూరాకు జీవా సర్దడం చూశావుగా. తీగ కింద ఒక నూలుపోగు. అటు వెంట్రుకవాసి జరిగితే తీగ మూగబోతుంది, ఇటు జరిగితే చీదరగా మోగుతుంది, సరిగ్గా కూర్చుంటే తేనెటీగల తుట్టెలా రొద పెడుతుంది. ప్యాడ్ కూడా తల మీద అంతే. అడుగున సింథసైజర్ బాస్ ఉన్న ఇప్పటి సినిమా పాట ఏదైనా పెట్టుకుని, కళ్ళజోడు కాడల దగ్గర ప్యాడ్లను రెండు వేళ్ళతో మెల్లగా లోపలికి అదుము. బాస్ ఒక్కసారి నిండితే అంతవరకు అక్కడ కారిపోతోందన్న మాట. కళ్ళజోడు తీసి మళ్ళీ విను. ఏ హెడ్‌ఫోన్ మీద తేడా తక్కువుందో రాసుకో. నీకు మిగతా లెక్కలన్నిటికన్నా ఈ లెక్క ముఖ్యం. సన్నకాడల కళ్ళజోడు ఇంకోటి ఉంటే అది కూడా పట్టుకెళ్ళు. జుట్టు కూడా ప్యాడ్ కిందికి రాకుండా వెనక్కి తోసుకో. అన్నట్టు జడపిన్నులు తీసేసి కూర్చో. కప్పుల్లో అయస్కాంతాలు గట్టివి, పిన్ను టక్కున జాలీకి అతుక్కుంటుంది. జాలీ వెనకే పొర ఉంటుంది, అది కాగితం కన్నా ఎంతో పల్చన.

ఇక పోల్చడం. ఇక్కడ జనం అంతా ఒకే చోట బోల్తా పడతారు. గట్టిగా మోగింది బాగున్నట్టు అనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ ఎక్కువైనా చాలు, ‘ఇందులో క్లారిటీ ఉంది’ అంటాం. పెళ్ళిళ్ళలో ఇది నేను రోజూ చూసేవాణ్ణి. ‘సౌండు బాలేదు’ అని ఎవరైనా వస్తే ఆంప్లిఫయర్ దగ్గర వంగి, చాటుగా వాల్యూమ్ కాస్త పెంచేవాణ్ణి, ‘ఇప్పుడు బాగుంది’ అని వెళ్ళిపోయేవారు. నువ్వు వినబోయేవాటి మీద రాసిన సెన్సిటివిటీ (ఇంత కరెంటుకు ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) అంకెల ప్రకారం, ఫోన్‌లో వాల్యూమ్ ముట్టుకోకుండా హెచ్ఈ400ఎస్ఈ తీసి సుందర గుచ్చితే ఒకటి రెండు డెసిబెల్స్ పెరుగుతుంది. ఎల్‌సీడీ-ఎక్స్ గుచ్చితే 12 కన్నా ఎక్కువే పెరుగుతుంది. అలా వింటే గెలిచేది ఎవరో వినకముందే తెలుసు.

అందుకని ఒక పని చెయ్. అట్టపెట్టె మూత ఒకటి తీసుకుని మధ్యలో ఫోన్ మైకు పట్టేంత చిన్న బెజ్జం చెయ్యి. శబ్దం కొలిచే యాప్ పెట్టిన ఫోన్‌ను దాని వెనక ఆనించి, ప్యాడ్‌ను ముందు నుంచి అట్టకు నిండుగా అదిమి, లాప్‌టాప్‌లో పింక్ నాయిస్, అంటే అన్ని శ్రుతులూ కలిసిన హోరు, ఆడించు. అంకె 75 దగ్గర నిలిచేలా లాప్‌టాప్ వాల్యూమ్ సర్దుకుని, ఏ హెడ్‌ఫోన్‌కు వాల్యూమ్ ఎంతో చీటీ మీద రాసుకో. ఆ యాప్ చెప్పే అంకె నిజం కాకపోయినా ఫర్వాలేదు, నాలుగింటికీ ఒకటే అబద్ధం చెప్తుంది, మనకు కావలసింది అదే. షాపువాడు ఒప్పుకోకపోతే ఒకే గొంతు, ఒకే చరణం పెట్టి చెవితోనే సమం చేసుకో. వెనక్కీ ముందుకూ రెండుసార్లు మార్చి విను, రెండోసారి వరస తిప్పేసి విను. ఎల్‌సీడీ-ఎక్స్‌ను మాత్రం ఆఖర్న పెట్టుకో.

ఏం వినాలంటే, నీ పాటలే విను, షాపువాడు పెట్టేవి కాదు. వాటితోపాటు ఒక పాత సభ రికార్డింగ్ కూడా పెట్టుకో. టేపు మీది చప్పట్లు, దగ్గులు, వెనక ఎవరో కుర్చీ జరిపిన శబ్దం వినిపిస్తేనే సభ ఎంత పెద్దదో చెవికి అందుతుంది. ఎడిషన్ ఎక్స్ఎస్ గొప్పదనం అక్కడే, చప్పట్లు చెవుల పక్కన కాక కాస్త దూరంగా, వెడల్పుగా పరుచుకుంటాయి. సుందరలో అంత విస్తీర్ణం లేదు, కానీ గొంతు, వయొలిన్ తమ చోట తిన్నగా కూర్చుంటాయి. హెచ్ఈ400ఎస్ఈ ఇంకా దగ్గరగా, కాస్త పల్చగా వినిపిస్తుంది. అయినా దాని ధరకు అది చేసే పనికి దండం పెట్టాలి. మూడిట్లోనూ పైశ్రుతులు కాస్త ఎండగానే ఉంటాయి. గాయని ‘శ’, ‘స’ పలికినప్పుడు చెవిలో గుచ్చుకుంటోందా, పాత టేపులోని బుస్సుమనే శబ్దం పాటను దాటి ముందుకొస్తోందా, చూసుకో. అరగంటకు అది తలనొప్పిగా మారుతుంది. ఎల్‌సీడీ-ఎక్స్‌లో అలా ఉండదు, బాస్ బరువుగా ఉంటుంది, కాకపోతే గొంతు ఒక అడుగు వెనక్కి జరిగినట్టుంటుంది. ఈక్వలైజర్‌తో సరిచేసుకోవచ్చు. నా మాటగా చెప్తున్నాను, నువ్వు గాత్రమే వినేదానివైతే ప్లానార్ జోలికే పోవద్దని, హెచ్‌డీ600 లాంటిది తెచ్చుకోమని రాసేవాణ్ణి. కానీ నీకు డ్రమ్స్ పిచ్చి ఉందిగా.

ఆంప్ (ఆంప్లిఫయర్) గురించి టెన్షన్ పడకు. ప్లానార్‌లో ఇంపిడెన్స్, అంటే కరెంటుకు పడే అడ్డు, అన్ని శ్రుతుల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది, అందువల్ల ఆంప్ మారితే శబ్దం రంగు మారడం తక్కువ. కావలసింది కాస్త బలం. ముందు నీ డాంగిల్‌తోనే, ఫోన్‌కు హెడ్‌ఫోన్ తగిలించే ఆ చిన్న ముక్కతోనే విను. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా చాలకపోతే అప్పుడు చూద్దాం.

గదిలో ఫ్యాన్ ఉంటుంది, దాని సంగతి ఎవరూ చెప్పరు. ఓపెన్ బ్యాక్ అంటే బయటి శబ్దం అంతా లోపలికొస్తుంది, లోపలిది బయటికి పోతుంది. పై ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే మెత్తని చోట్లన్నీ అది మింగేస్తుంది, నువ్వు తెలియకుండా వాల్యూమ్ పెంచుతావు. పెద్దవాళ్ళ చెవికి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. 3 పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. నా ఎడమ చెవి పరిస్థితి నీకు తెలుసు, ముప్పై ఏళ్ళు హారన్ల పక్కన నిలబడ్డాను. ఫ్యాన్ రెండు మీద పెట్టుకో, లేదా కిటికీ పక్క కూర్చో. నీ రూమ్మేట్ పడుకున్నాక వినే ఆలోచన ఉంటే ఆ అమ్మాయిని ముందే అడుగు. ఆ జాలీల్లోంచి పాట మాట మాటా వినిపిస్తుంది. వద్దంటే ఈ రకమే నీకు పనికిరాదు.

ప్యాడ్లకు చుట్టూ రెక్సిన్, చర్మం వైపు గుడ్డ ఉంటాయి. తలంటుకోబోయే రోజు నూనె జుట్టుతో పెట్టుకోకు, కొబ్బరినూనె ఆ గుడ్డలోకి దిగితే మళ్ళీ రాదు, నెలకల్లా కంపు కొడుతుంది. చెమట పట్టాక పొడి గుడ్డతో తుడిచి గాలికి పెట్టు. ప్యాడ్లు మార్చుకునేవే, కానీ రకం మారితే శబ్దమూ మారిపోతుంది, అసలువే కొనుక్కో.

నన్ను ఒక్కటి చెప్పమంటే, నీ తలకూ నీ కళ్ళజోడుకూ సుందర. ఎడిషన్ ఎక్స్ఎస్ దవడ మీదికి దిగకుండా అరగంట నిలిస్తే మాత్రం నా మాట పక్కన పెట్టి అదే తీసుకో. రెండూ నొప్పి పెడితే హెచ్ఈ400ఎస్ఈ తీసుకుని మిగిలిన డబ్బు మీ అమ్మ చేతిలో పెట్టు. కొనేముందు వారం రోజుల్లో వెనక్కి తీసుకుంటారా అని అడుగు, తీసుకుంటామంటే బిల్లు మీదే రాయించు. డబ్బా పారెయ్యకు, లోపలి స్పాంజి ముక్కలతో సహా అటక మీద దాచు. నా కిరీటానికి డబ్బా ఉండి ఉంటే ఇంకో రెండు వేలు వచ్చేవి.

మీ మావయ్య