పాత హార్మోనియంలు కలిపి ఒకటి చేసుకోవచ్చా?

తాతగారి చేతి హార్మోనియం, మేనమామ ఇంట్లో మూలన పడున్న కాలి పెట్టె (కాలితో తొక్కే హార్మోనియం), చర్చివాళ్లు ఇచ్చేసిన పాత పెడల్ ఆర్గన్. ఈ మూడింటితో ఇంట్లోకి ఒక మంచి వాద్యం తయారవుతుందా, లేక షాపాయన చెప్పినట్టు కొత్తది కొనాలా అని అడిగారు. అప్పుడే కొనకండి. మాది పర్లాకిమిడి. పద్య నాటకాలకు వాయించిన మా తాతగారి కాలి పెట్టె తిత్తి, కాశీనగర్ వైపు జాత్రా నాటకాల్లో వాయించిన ఒక ఒడియా పెద్దాయన పెట్టెలోని రీడ్లు (గాలికి అదిరి పలికే ఇత్తడి నాలుకలున్న చిన్న పలకలు) కలిపి చేసుకున్న హార్మోనియం మా ఇంట్లో రోజూ మోగుతోంది.

అన్నిటికంటే ముఖ్యం ఇది: రీడ్లు, అవి బిగించే రీడు బోర్డు, వేళ్లతో నొక్కే మెట్లు, మెట్ల కింద రంధ్రాలు మూసే తోలు అతికిన చెక్కలు అన్నీ ఒకే పెట్టెలోవి అయ్యుండాలి. రంధ్రాల మధ్య దూరం ఒక్కో తయారీదారుడిది ఒక్కోలా ఉంటుంది. శ్రుతి సంగతి ఇంకా పెద్దది. ఫ్రాన్సులో 1859లో, శ్రుతికి కొలతగా పెట్టుకునే ‘ఎ’ స్వరాన్ని సెకనుకు 435 కంపనాలుగా నిర్ణయించారు. 1939 నుంచి ఎక్కువ చోట్ల 440 నడుస్తోంది. ఈ రెండు రకాల రీడ్లు ఆ ‘ఎ’ మెట్టు మీద కలిసి పలికితే సెకనుకు అయిదుసార్లు శబ్దం లేచి పడుతుంది. ఆ శ్రుతి మీద పద్యం ఎత్తుకోవడం ఎవరివల్లా కాదు. ఫోన్లో శ్రుతి కొలిచే ట్యూనర్ యాప్ పెట్టి ముందు ఇది చూసుకోండి.

తిత్తి, పెట్టె చెక్క, కాళ్లు మాత్రం ఎక్కడివైనా ఫరవాలేదు. పారిస్‌లో దెబైన్ 1842లో పేటెంట్ తీసుకున్న హార్మోనియం కాళ్లతో తొక్కేదే. దాన్ని చేతి తిత్తికి మార్చింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్. కాబట్టి మీ చేతి పెట్టె, కాలి పెట్టె ఒక తల్లి బిడ్డలు, రెండింటిలోనూ తిత్తి గాలిని లోపలి నుంచి రీడ్ల మీదికి తోస్తుంది. నన్నడిగితే కాలి తిత్తే ఉంచుకోండి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, పద్యం చివర రాగం తీసేటప్పుడు గాలి తెగదు.

చర్చి ఆర్గన్‌తో జాగ్రత్త. అమెరికా రకం ఆర్గన్లు గాలిని లోపలికి పీలుస్తాయి. రీడుకు నాలుక ఉన్న వైపు నుంచి గాలి వస్తేనే అది పలుకుతుంది కాబట్టి, ఆ తిత్తి మీద మన రీడు బోర్డు ఉన్నదున్నట్టు బిగిస్తే మోగదు. పెడల్ తొక్కుతూ ఒక మెట్టు నొక్కి, రీడ్ల దగ్గర అగరుబత్తి పెట్టండి. పొగ లోపలికి పోతే పీల్చే రకమే. అలాంటిదైతే దాన్ని విప్పకండి, విడిగా బాగుచేయించుకోదగ్గ వస్తువది.

గాలి లీకు కనిపెట్టడం తేలికే. రీడ్లకు గాలి వదిలే, ఆపే ముందువైపు గుబ్బలు, అంటే స్టాపర్లన్నీ మూసి తిత్తి నింపండి. వెంటనే దిగిపోతే లోపం తిత్తిలోనో గాలి పెట్టెలోనో ఉంది. స్టాపర్లు మూసినప్పుడు నిలిచి, ఏ మెట్టూ నొక్కకుండా వాటిని తెరిస్తే దిగిపోతే మెట్ల కింది తోలు గట్టిపడి ఉంటుంది, లేదా రీడు బోర్డు అంచు సరిగా కూర్చోలేదు. తోలు మార్చాలంటే పదును చేసిన పల్చటి గొర్రెతోలు వాడండి. మద్దెలకు వేసే పచ్చితోలు ఇక్కడ పనికిరాదు. ఫెవికాల్ దట్టంగా పూయకండి, రేపు మళ్లీ విప్పాల్సి వస్తుంది.

మోగని రీడు ప్రతిదీ విరిగింది కాదు. చాలాసార్లు నాలుకకూ పలకకూ మధ్య చిన్న నలుసు ఇరుక్కుని ఉంటుంది, పల్చటి కాగితం దూర్చి లాగితే పలుకుతుంది. శ్రుతి సరిచేయడానికి నాలుక కింద సన్నటి రేకు పెట్టి బ్లేడుతో గీకాలి. కొస దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఒక గీత గీకడం, బిగించి వినడం, మళ్లీ విప్పడం. తొందరపడితే ఇత్తడి పోతుంది, పోయింది తిరిగి రాదు. నిజంగా విరిగిన వాటికి గుజరాత్‌లోని పాలిటానా రీడ్లు దొరుకుతాయి. పాత నాలుక కొలత, మందం చూసి తెప్పించుకోండి.

ప్రస్తుతానికి చేతి పెట్టె, కాలి పెట్టె మూతలు తీసి రీడు బోర్డుల ఫొటోలు పెట్టండి. పక్కన స్కేలు ఉంచి తీస్తే కొలతలు కూడా తెలుస్తాయి, ఏది ఉంచుకోవాలో చెప్తాను.